మూడూ అమ్ముడయ్యాయి

ఖరీదైన కార్ల షోరూములో వెనుక గది. అందులో అమ్మకాల ఉద్యోగి, అతని అక్క.

“...కారు నాదేనట! కాలేజీ గుమస్తా నాకే చూపించాడురా, రవాణా శాఖ రికార్డులో నా పేరు, నా అడ్రసు.”

“మెల్లగా అక్కా. తలుపు వెయ్యనీ.”

“వెయ్యి, వెయ్యి. ‘టాపు తెరుచుకునే కారు పెట్టుకుని కూతురికి ఫీజు మాఫీ అడుగుతారా అమ్మా?’ అన్నాడు. నేను రెండు బస్సులు మారి వెళ్ళాను!”

“అది...”

“లక్కీ డ్రా అన్నావు, సంతకం పెట్టమన్నావు. గెలిచానన్నమాట!”

“వెటకారం వద్దక్కా. కంపెనీవాళ్ళు ఆ కార్లు మూడు పంపారు. ఒక్కటీ కదల్లేదు. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని ఫొటోలు దిగుతారు, వెళ్ళి మామూలు కారు కొంటారు. వెనక సీట్లో చంటిపిల్ల కూడా పట్టదు. నెలాఖరుకి అమ్మకపోతే ఇంటికి పొమ్మన్నాడు మేనేజరు.”

“అమ్మలేకపోతే నాకు అంటగడతావా?”

“అందరూ చేసేదే. కారు ఇక్కడే ఉంచి, కాగితాల మీద మాత్రం ఇంట్లోవాళ్ళ పేరున రాసి, తర్వాత నిదానంగా అమ్ముకుంటారు.”

“ఎంత నిదానంగా?”

“కొనేవాడు రావాలి కదా!”

“మిగతా రెండూ?”

“ఒకటి నా పేరున. ఒకటి మేనేజరు అత్తగారి పేరున.”

“ఆవిడకి తెలుసా?”

“వాళ్ళావిడకే తెలీదు.”

“రేపు సాయంత్రం ఐదింటికి గడువు. మాఫీ రాకపోతే పాప చదువు ఇంతటితో సరి. నా పేరు తీయించు.”

“ఉత్తినే తీయడం కుదరదు. తీస్తే ఇంకొకరి పేరు పెట్టాలి.”

“కంపెనీకి నిజం చెప్పు.”

“చెబితే నా ఉద్యోగం పోతుంది. బావ మంచాన పడ్డప్పటి నుంచి మీ ఇంటద్దె నేనే...”

“ఎత్తిపొడవకు.”

“ఎత్తిపొడవట్లేదక్కా. అయినా చెబుదామనే పొద్దున పెద్దాఫీసుకి వెళ్ళాను.”

“ఏమన్నారు?”

“నోరు తెరిచేలోపు చప్పట్లు కొట్టారు.”

“చప్పట్లా?”

“ఇంకెక్కడా ఒక్కటి కూడా అమ్ముడుపోలేదట. ఆ మోడలే ఆపేసి, ఉన్నవన్నీ వెనక్కి తీసుకుందామనుకున్నారట.”

“మంచిదేగా! పీడ విరగడయ్యేది.”

“అయ్యేది. ఇక్కడ మూడుకి మూడూ పోయాయని చూసి మనసు మార్చుకున్నారు.”

“అంటే... మన సంతకాలు చూసి?”

“మన సంతకాలు చూసే. వారంలో ఇంకో పన్నెండు దింపుతారు. వాటి బాధ్యత నాదే. ఇక మామూలు కార్లు నన్ను ముట్టుకోనివ్వరు.”

“పన్నెండా!”

“పన్నెండే అక్కా. తిట్టు పోనీ.”

“రేపు ఐదులోపు మారుతుందా పేరు?”

“మనిషి దొరికితే గంట పని. ఎవరు దొరుకుతారు?”

“మన చిన్నత్త ఉందిగా, ఆవిడ మందులు తెచ్చేది నేనే. ఆవిడ గుర్తింపు కార్డు నా సంచిలోనే ఉంది. కాగితం ఇటివ్వు, సంతకం నేను పెట్టించుకొస్తాను.”