మనసు లాగినప్పుడు

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, అన్నయ్య, నేను ఉన్నాము. మత్తుమందు మాన్పించే ఆసుపత్రి నుంచి అన్నయ్య తిరిగొచ్చి నెలయింది.

"నాన్నమ్మా, మళ్ళీ అటే మనసు లాగుతోందే. సరుకుందని పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. వీధి చివర ఉన్నాడట."

"చెప్పి మంచిపని చేశావురా. ఇలాంటప్పుడు డాక్టరుగారు ఏం చెయ్యమన్నారు?"

"ఎవరితోనైనా మాట్లాడుతూ కూర్చోమన్నారు. కాసేపటికి తగ్గుతుందట."

"అయితే కూర్చో. మీ తాతయ్య నాకు సైకిల్ నేర్పిన కథ చెబుతాను."

"వందసార్లు విన్నాను. నువ్వు మురిక్కాలవలో పడ్డావు."

"అది ఆయన పుట్టించిన మాట. పడింది ఆయనే!"

"తాతయ్యా? ఎలా?"

"ముందు ఆ ఫోన్ కట్టెయ్యి."

"కట్టేశాను. చెప్పవే!"

"మీ చెల్లి గుమ్మంలో చెవులు రిక్కించుకుని నిలబడింది. ఊరంతా చాటి ఆయన పరువు తీస్తుంది. తలుపు వెయ్యి."

అన్నయ్య పగలబడి నవ్వుతూ నా ముఖం మీదే తలుపు వేశాడు.