మూడు రోజులు ఫ్రీ

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల సందు మొదట్లో టీకొట్టు. బొగ్గుబాయిలో పనిచేసే ఆగయ్య, ఆయన కొడుకు రుత్విక్.

“గంతే బాపూ. ఆ పిల్ల ఫోన్ చేస్తె, రుత్విక్ ఊళ్లె లేడని చెప్పు.”

“గీ ముచ్చట ఇంటికొచ్చి చెప్పరాదా? దోస్తు ఇంట్ల పండుకునుడేంది, నన్ను ఈడికి పిలుసుడేంది?”

“అవ్వకు తెలిస్తె ఆమెను ఇంటికి రమ్మంటది.”

“ఇంతకు ఏ పిల్ల?”

“లాన్ అని. వియత్నాంల నేనున్న ఇంటోళ్ల బిడ్డ. మన దేశం తిరుగుతాందట. రామగుండం వస్తున్న అని మెసేజ్ పెట్టింది.”

“నువ్వే రమ్మంటివేమో.”

“అందరం అంటం బాపూ, మా ఇంటికి రండ్రి అని. నిజంగ వస్తరా ఏంది?”

“నువ్వు పోలేదా?”

“నా సంగతి వేరే. నాది లో బడ్జెట్ ట్రావెల్. తక్కువ పైసలతోటి దేశాలు తిరుగుడు.”

“మక్కకంకులు అమ్ముకునే ముసలామెతోని అర్ధగంట కొట్లాడుడు. అదేనా?”

“డబుల్ చెప్పింది బాపూ! టూరిస్టును చూస్తె చాలు, డబుల్ చెప్తరు. మనం ఇచ్చుకుంట పోతె రేట్లు పెరుగుతయ్. ఆడి పబ్లిక్కే తిప్పలు.”

“అబ్బ! ఆడి పబ్లిక్ ఫికర్ ఎంతుందిరా నీకు! మరి విమానం టికెటు కాడ బేరం చేసినవా?”

“విమానం కాడ బేరమెట్ల చేస్తరు?”

“చెయ్యరు. ముసలామె కాడ చేస్తరు.”

“నేను పెట్టిన వీడియో చూసినవా నువ్వు?”

“చూసిన. గీ బెంచీ మీదనే. మా షిఫ్టోళ్లకు ఆరుగురికి చూపిచ్చిన. నా కొడుకు ఆడి బాయి కార్మికుని ఇంట్ల ఉన్నడు చూడుండ్రి అని.”

“మొత్తం చూసిండ్రా?”

“ఎల్లన్న ఆపబోయిండు. నేనే ఆపనియ్యలె.”

“అది వ్యూస్ కోసం బాపూ. గట్ల మాట్లాడితేనే చూస్తరు.”

“ఏమన్నవో మళ్లొక్కసారి అను.”

“వద్దు తీయ్.”

“అయితె నేనే అంట ఇను. ‘మూడు రోజులు ఫ్రీ. బకరా దొరికిండు బ్రదర్స్.’ అన్నవా, లేదా?”

“నవ్వులాటకు...”

“ఆయన నిన్నెందుకు ఇంట్ల పెట్టుకున్నడు?”

“మా బాపు గుడ బాయిల పనిచేస్తడని చెప్పిన.”

“అంటే నా పేరు చెప్పుకొని తిన్నవ్.”

“గట్లెందుకంటవ్?”

“ఆయన షిఫ్టుకు కట్టుకున్న సద్ది డబ్బ సుత తిన్నవ్.”

“ఆయనే ఇచ్చిండు! తిను, తిను అన్నడు.”

“అంటడు. మేం గుడ బాయిల డబ్బలన్ని నడుమ పెట్టుకోని తింటం. డబ్బ తేనోనికే ముందు పెడతం. కని తిన్నోడు మర్నాడు ఏదో ఒకటి తెస్తడు, ఇంత తొక్కు ముక్కైనా సరే. ముప్పయేండ్ల సంది చూస్తున్న, రెండోరోజు ఉత్త చేతులతోని ఒక్కడు కూసోలె. నువ్వేమిచ్చినవ్?”

“వద్దన్నరు.”

“ఇయ్యబోయినవా?”

“... వాళ్లు అడగలే గద.”

“థూ! నీ బతుకు!”

“సరే, తప్పే! ఇప్పుడేం చెయ్యమంటవ్? మన రెండర్రల క్వార్టర్ల ఆమెను యాడ పండుకోబెడతం? తిప్పుడు, తినిపిచ్చుడు, ఎంతయితది? నేను నస్పూర్ల మేనత్తోళ్లింటికి పోత. రెండ్రోజులు చూసి ఆమెనే పోతది. బాపూ, ఫోన్ చేస్తె మాత్రం...”

“చెయ్యదు.”

“చెయ్యదా? నీకెట్ల తెలుసు?”

“పొద్దుగాల్నే ఆటో దిగింది. నువ్విచ్చిన అడ్రస్ చూపిచ్చుకుంట, అడుక్కుంట వచ్చింది. వాళ్ల నాయిన చాయ్‌పత్త పంపిండు, మీ అవ్వకు చీరంత పెద్ద శాలువ పంపిండు.”

“ఇంట్ల ఉన్నదా? ఇప్పుడు? ఏం చేస్తాంది?”

“మీ అవ్వ పక్కన కూసోని ఫోన్‌ల నీ వీడియో పెట్టింది. నువ్వే పంపినవట గద వాళ్లకు. మా నాయిన వస్తడు చూడు, మా నాయిన వస్తడు చూడు అని సైగలు చేసుకుంట మురుస్తాంది. నేను లేచొచ్చిన.”

“ఆమెకు తెలుగు రాదు బాపూ.”

“రాదు. మీ అవ్వకు వస్తది.”