గడి వాకిట్ల డబల్ బేసు

“తాతా, గీ ఫోటోల గంత పెద్ద ఫిడేలు పట్టుకొని నిలవడ్డది నువ్వేనా?”

నేనే బిడ్డా, ఇంకెవరనుకున్నవు? నువ్వు తొక్కు నూరుడు ఆపకు, నూరుకుంటనే ఇను. ఇప్పుడంటె గిట్ల వంగిపోయిన గని అప్పుడు ఆరడుగులు. ఫిడేలు గాదు, దాన్ని డబల్ బేసంటరు. మనిషి కంటె ఎత్తుంటది. నిలవడే వాయించాలె. మేక పేగుల తీగలు, మొదట్ల నా వేళ్లు పగిలి నెత్తురు కారేది.

సంగీతం తెలిసి నేర్చిన అనుకునేవు. కట్టంగూర్ దిక్కు మన ఊరు గద, మిషను బళ్లె నాలుగు దాక సదివిన. పాదిరి చిట్టీ రాసిస్తె సికింద్రాబాదు పోయి క్లబ్బుల ప్లేట్లు కడుగుడుకు కుదిరిన. ఆడ తెల్లోళ్లకు జాజ్ వాయించే బ్యాండుండె, అందరు గోవా కిరస్తానీలు. లడాయి నడుస్తుండె అప్పుడు, వాళ్ల బేసాయన ఫౌజుల చేరిపోయిండు. బ్యాండు మాస్టరు వంటింట్లకొచ్చి అందరిని కిందికి మీదికి చూసి, నువ్వు పొడుగున్నవు, రా అన్నడు. గంతే. నా చెవి ఎట్లుందో ఎవ్వడడగలే. బాపు డప్పు ఇనుకుంట పెరిగినోణ్ని గద, తాళం దెబ్బ మాత్రం తప్పకపోతుండె.

అప్పుడు ఇరానీ హోటల్ల చాయ అణా... కాదు, అర్ధణా. మీ నానమ్మకైతె పక్కా యాదికుండు. సరే, ఏం చెప్తున్న?

ఆ, ఈ బేసు పట్టుకొని మన ఊరికొచ్చిన ముచ్చట. మన ఊరి దొర కొడుకు పెండ్లి. పక్కూరి దొర ఏదో పట్నం బ్యాండు తెచ్చిండని, ఈయన తెల్లోళ్ల బ్యాండే తెస్తనని మొండికేసి మాకు కబురువెట్టిండు. జాజ్ అంటె ఏందో ఆయనకేం తెలుసు, తినేదనుకున్నడేమో. నాకైతె పోబుద్ధి కాలే. దొర ఉండే బంగ్లా, ఆ గడి ముంగట మనోళ్లు నిటారుగ నిలవడొద్దు. చెప్పులు చేతవట్టుకొని నడుం వంచి పోవాలె, లేకుంటె గొంతు కూసోవాలె. మా బాపు ఎల్లయ్య ఆ గడిల వెట్టి చేసెటోడు. పిలిస్తె పోవాలె, కూలి అడగొద్దు. దొర ముఖం ఎట్లుంటదో బాపుకు సరిగ తెల్వదు. కాళ్లు చూస్తె గుర్తువట్టెటోడు.

కోటు, టోపీ ఏసుకొని లారీ దిగిన. దిగంగనె దొర గుమాస్త, “నువ్వు ఎల్లిగాని కొడుకువు గాదుర?” అన్నడు. గోవోళ్లకు కుర్చీలేసిండ్రు. వాళ్లు కిరస్తానీలే, నేనూ కిరస్తానీనే. కని వాళ్లది ఏ వాడనో గుమాస్తకు తెల్వదు, నాది తెలుసు. “దొరలు పందిట్ల కూసుంటరు. వాళ్ల కంటె ఎత్తుల నీ నెత్తి కనవడొద్దు, కూసోని వాయించు” అన్నడు. కూసున్న. బేసొచ్చి నా మీదవడ్డది. “అయితె పండవెట్టి వాయించు” అన్నడు. అదేమన్న మంచమా?

మాస్టరుకు కోపమొచ్చింది. బేసు లేకుంటె వాయించం, పోతం అన్నడు. నేనూ పోదమనే అనుకున్న. కని మేం పోతె గడి పరువు పోతది, ఆ కసి ఎవని వీపు మీద తీరుతది? మా బాపు వీపు మీదనే. గందుకే నోరు మూసుకున్న.

గుమాస్త మస్తు తెలివిగలోడు. మీసం దువ్వుకుంట ఆలోచించి, గుంత తవ్వమన్నడు. నవ్వకు. నడుం లోతు గుంత. నేనండ్ల దిగి వాయిస్తె నెత్తి దొరల కిందికొస్తదని ఆయన లెక్క. తవ్వుడుకు ఎవల్ని పిలిచిండ్రు? మా బాపునే. ఎందుకు తవ్వాల్నో పిలువబోయినోడు ఇంటికాడనే చెప్పిండట.

బాపు గడ్డపార, తట్ట పట్టుకొని వచ్చిండు. తట్ట మీద గోనెసంచి. రెండేండ్లకు కొడుకును చూసిండు, తట్ట పక్కకు దింపుకొని తవ్వుడు షురూ జేసిండు. మోకాటి లోతు తవ్వినంక ఖంగుమని సప్పుడొచ్చింది.

“బండ వడ్డది బాంచెన్. ఇగ దిగది.”

“ఇంకోపారి కొట్టు” అన్నడు గుమాస్త. మళ్ల ఖంగుమన్నది. పది గజాల దూరంల నిలవడి మెడ సాపి చూసిండు. బాపు గుంతలుండంగ దగ్గరికొస్తె మైల గద. అప్పటికే చుట్టాల మోటార్లు వస్తున్నయి. సరే కానియ్యి అన్నడు.

మోకాటి లోతుల ఆరడుగులోడు నిలవడితె ఎంతుంటడు? కూసున్న దొరల రుమాళ్లు, రూమీ టోపీలు అన్నిటి కంటె నా నెత్తే మీదికున్నది. పొద్దుగూకెదాక దొర మెడ ఎత్తి నన్ను చూసుకుంటనే జాజ్ ఇన్నడు. ఏం సమజయిందో ఏమో, తల గూడ ఊపిండు. గోడ కాడ గొంతు కూసున్న మా బాపు గూడ తలెత్తిండు. దొర దిక్కు చూడలే. నా దిక్కే చూసిండు. నాకు ఏడుపొచ్చింది, కని దెబ్బ తప్పలే.

తెల్లారి ఇంట్ల మా అమ్మ లొల్లి, కారం నూరే బండ కనవడ్తలేదని. బాపు చుట్ట ముట్టించుకున్నడు. అప్పుడు సమజయింది నాకు, గోనెసంచి కింద ఏముండెనో, గుంతల ఖంగుమన్నది ఏందో. ఆ వాకిట్ల బండ ఎక్కడిదే, అంత మెత్తటి ఎర్రమట్టి. గుమాస్త నాలుగడుగులు దగ్గరికొచ్చి చూస్తె బాపు పని ఖతమే. మమ్ముల అంటుకోవద్దనే ఆ రోత జిందగీల ఒక్కపారి మాకు పనికొచ్చింది.

పోలీసు చర్య అయినంక దొర ఊరిడిసి పోయిండు. బాపు, నేను పోయి బండ తవ్వి తెచ్చుకున్నం. బాపు ఆ దినం నడుం వంచకుంట గడి వాకిట్ల నుంచే నడిచొచ్చిండు, బండ నెత్తి మీద పెట్టుకొని. మా అమ్మ మాత్రం సచ్చేదాక తిట్టింది, రెండు సొట్టలు పడ్డయి, అండ్ల కారం ఇరుక్కుంటదని.

అగో, నీ చేతి కిందనే ఉన్నయి సూడు ఆ సొట్టలు. ఏలువెట్టి తీయి, అండ్ల మిరపకాయ మిగులుతది. జర నడుం నిటారుగ పెట్టి కూసో బిడ్డా... నూరేండ్లు గట్లనే ఉండు... ఉప్పేసినవా?