ఇన్నాసమ్మ ఉపదేశం విన్న దిష్టిబొమ్మ

ఇన్నాసమ్మది పెద్ద నోరంట. మా శౌరిగూడెంలో ఈ చేలో నిలబడి మేకని తిడితే వాగవతల మేకలు గూడా మేత మానేసి తలెత్తి చూసేయంట. కలుపులప్పుడు పాటెత్తుకున్నా ఆమే, ఎవరింట్లో తగువైనా ముందు మాట ఆమెదే. అంత నోరు గలామెని తీసుకుపోయి గుడిలో నలుగురి ముందర నిలబెడితే మాత్రం, నాలిక పోయి అంగిట్లో అతుక్కునేది. అదేం విడ్డూరమో. మీరు నవ్వుతున్నారు గానీ, మిమ్మల్ని నిలబెడితే తెలిసొచ్చిద్ది. ఆ రోజుల్లో మన ఊళ్ళో ఫాదరు గారు ఉండేవోళ్ళు కాదు. విచారణ గుడి, అదే ఫాదరు గారుండే పెద్ద గుడి, యాడో పేటలో ఉండేది. ఆయన నెలకోసారి మోటారు సైకిలేసుకుని దుమ్ములో వచ్చి, పూజ చేసి, ఆ దుమ్ములోనే పొయ్యేవాడు. మిగతా రోజుల్లో ఎవరన్నా మంచాన పడ్డా, పిల్లకాయలకి జపాలు నేర్పాలన్నా దిక్కు లేదనుకో. అందుకని ఆయన ఏం చేశాడంటే, ఊళ్ళోవాళ్ళనే కొంతమందిని కూడేసి, మీరే ఉపదేశులవ్వండి, నేను నేర్పిస్తాను అన్నాడంట. ఇన్నాసమ్మ మొట్టమొదట చెయ్యెత్తింది. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. గుడిలో నోరు పెగలనామె ఉపదేశం ఏం చెప్పిద్దిరా అని.

ఆమె ఎందుకు చెయ్యెత్తిందో నేను చెప్తాను వినండి. ఆమెకి ఒక అన్న ఉన్నాడు, బాలశౌరి అని. ఇద్దరికీ ఒకే గట్టు, ఇటు చెల్లెలి చేను, అటు అన్న చేను. బాలశౌరికి లేక లేక ఒక ఆడపిల్ల పుట్టింది, తెరేజమ్మ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లకి వానాకాలంలో జ్వరమొచ్చింది. వాగు పొంగి దారి లేకుండా పోయింది. పట్నం తీసుకుపోదామంటే దాటే వీలు లేదు. అన్న ఒడ్డున అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాడు, పిల్ల మేనత్త చేతుల్లో పోయింది. అందరూ ఏడుస్తుంటే ఇన్నాసమ్మ ఏమందంటే, ఏడవబాక అన్నా, అంతా దేవుడి చిత్తం అంది. మంచి మాటే అనుకుంది పాపం. అన్న తలెత్తి ఆమె వంక ఒక్క చూపు చూశాడంట. అంతే. ఆ రోజుతో గుడి గడప తొక్కటం మానేశాడు, చెల్లెలితో మాట మానేశాడు. పండగొచ్చినా, పబ్బమొచ్చినా, గట్టు మీద ఎదురుపడినా, చెట్టుని చూసినట్టు చూసి పొయ్యేవాడు. ఆమెకి అదే గుండెల్లో ముల్లు. ఉపదేశం నేర్చుకుంటే, అన్నతో ఏం చెప్పాలో, ఎట్టా చెప్పాలో తెలిసిద్దేమోనని ఆమె ఆశ.

సరే, ఫాదరు గారు నేర్పటం మొదలుపెట్టాడు. పుస్తకంలోది నేను చెప్తాను, మీరు మీ ఇంట్లోది చెప్పండి, దేవుడు మీ ఇంటికొచ్చిన పూట ఏం జరిగిందో అది చెప్పండి, అదీ సాక్ష్యమంటే, అన్నాడంట. గుడికి రావటం మానేసిన మనిషిని ఒకళ్ళని ఎంచుకుని వాళ్ళ కాడికి పోండి అన్నాడు. క్రిస్మస్ ముందొచ్చే ఆదివారం అందరి ముందరా నిలబడి సాక్ష్యం చెప్పాలి, చెప్పినోళ్ళ మెళ్ళో సిలువేసి ఉపదేశులుగా పంపిస్తాను అన్నాడు. చెప్పలేనోళ్ళకి లేదు. మనోళ్ళకి పుస్తకంలోది వచ్చినంత సుళువుగా ఇంట్లోది రాదు గదా. ఇన్నాసమ్మ గూడా పుస్తకంలో ప్రశ్నా జవాబూ అంతా గడగడా కంఠతా పట్టింది. లేచి నీ ఇంట్లోది చెప్పమ్మా అంటే చెమటలు పట్టి కూలబడింది. మళ్ళీ లేపాడు. మళ్ళీ కూలబడింది. పోనీలేమ్మా, ఎవరూ లేని చోట ముందు అలవాటు చేసుకో, గోడకి చెప్పు, గొడ్డుకి చెప్పు అన్నాడు ఆయన.

అప్పుడు జొన్నలు పాలు పట్టే కాలం. మంచు కురిసే నెల. మా వాగు పక్క మంచు ఎట్టా ఉండిద్దంటే, తెల్లారగట్ల చెయ్యి చాపితే మన చెయ్యి మనకి కనపడదు. చేలన్నీ పాలల్లో మునిగినట్టు, కంకులు మాత్రం పైకి తేలినట్టు ఉంటయ్యి. యాడో పిట్ట కూస్తది, ఏ పక్కో తెలవదు. మనం నడుస్తుంటే నేల మీద నడుస్తున్నామో, కలలో నడుస్తున్నామో తెలవదనుకో. ఆ మంచులో పిట్టల్ని తోలటానికి వచ్చిన ఇన్నాసమ్మకి అన్న చేలో దిష్టిబొమ్మ కనపడింది. అన్న పాత గొంగడే కప్పి ఉంది దానికి. ఇదేదో బాగుందే, అన్నకి చెప్పినట్టే ఉండిద్ది, వినేవాళ్ళెవరూ లేరు అనుకుని, గట్టు మీద నిలబడి, అన్నా, దేవుడు మనల్ని ఎందుకు సృష్టించాడంటే, అని మొదలెట్టింది. పుస్తకంలోది మొత్తం అప్పజెప్పింది. బొమ్మ విన్నది. పలకలేదు.

ఏమైందంటే, అది బొమ్మ కాదు. ముందు రోజు గాలికి బొమ్మ పడిపోతే, చూద్దామని బాలశౌరే వచ్చాడు. గొంగడి తలమీంచి కప్పుకుని, మెడ వెనకాల కర్ర అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదేసి నిలబడ్డాడు, మన గొర్రెలోళ్ళు నిలబడతారే, అట్టా. ఇంతలో చెల్లెలి గొంతు వినపడింది. మాటల్లేవుగా, కదిలితే చూసిద్ది, పోనీలే ఇది పొయ్యిందాకా ఇట్టాగే ఉందామని కదలకుండా ఉన్నాడు. ఆమె ఉపదేశం మొత్తం అయ్యిందాకా చేతులు పీక్కుపోయినా ఉన్నాడు. ఆమె పోయింది. ఈయన పడిపోయిన బొమ్మని లేపి నిలబెట్టి ఇంటికిపోయాడు. ఇక రాకూడదు గదా? మర్నాడు తెల్లారగట్ల మళ్ళీ వచ్చాడు. బొమ్మని పీకి, జొన్నల్లో మెల్లిగా పడుకోబెట్టి, దాని చోట తను నిలబడ్డాడు. ఆ మర్నాడూ అంతే, ఆమె గూడా రోజూ వచ్చి అప్పజెప్పి పొయ్యేది. పొద్దెక్కాక బొమ్మని నిలబెట్టటం, మంచులో బొమ్మని పడుకోబెట్టటం. ఎందుకయ్యా అంటే, ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో గదా. అన్నా అని పిలుస్తుంది గదా.

ఇక రేపు ఆదివారం అనంగా ఇన్నాసమ్మ వచ్చింది. ప్రశ్న మొదలెట్టింది, జవాబు సగంలో ఆగిపోయింది. కోపమొచ్చింది ఆమెకి. ఎవరికి చెప్తన్నాను నేను ఇదంతా, అని బొమ్మనే తిట్టింది. తిట్టి, గట్టు మీద కూలబడింది. అప్పుడేమందంటే, అన్నా, ఆ రోజు నేను దేవుడి చిత్తం అన్నానే, నాకేం తెలుసన్నా ఆయన చిత్తం? ఏదో ఒకటి అనాలి గదా అని, చిన్నప్పట్నుంచీ చావింట్లో విన్న మాట నోటికొచ్చింది, అనేశాను. నాకు భయమేసింది. నీ పిల్ల చెయ్యి నా చేతిలోనే చల్లబడింది. ఆ సందేళ మేకల దొడ్లోకి పోయి కూర్చుని, యాడికి పొయ్యావయ్యా నువ్వు అని దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయనేం పలకలేదు. కానీ ఎవరో వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చున్నట్టనిపించింది. ఏం చెప్పలేదు, ఊరికే కూర్చున్నాడు. నేనేడుస్తుంటే ఆయన గూడా ఏడుస్తున్నట్టనిపించింది. నేనూ నీ కాడ అట్టాగే కూర్చోవాల్సింది అన్నా. మాట చెప్పి లేచొచ్చాను. అట్టా అని ముఖం కొంగులో పెట్టుకుంది.

ఎంతసేపటికో తలెత్తి చూస్తే, దిష్టిబొమ్మ భుజాలు ఊగుతున్నయ్యి. గాలి లేదు. కంకి గూడా కదలట్లేదు. బొమ్మ ఏడుస్తుంది! ఓరి నాయనో, మరియతల్లీ, అని సిలువ గుర్తు వేసుకుంది. లేచి పారిపోబోయింది. అప్పుడు మంచులోంచి, ఇన్నాసీ, నేనేనే, అని గొంతు. ఎవరూ? అన్నని. ఎన్నాళ్ళనుంచి నిలబడుతున్నావు? బొమ్మ పడిపోయిన కాణ్ణుంచి. మరి పలకవేం? పలికితే ఆపేస్తావు గదా అన్నాడంట. ఆమె ఏం చేసిందనుకున్నారు, కాళ్ళ మీద పడిందనుకున్నారా? మట్టిగడ్డ తీసుకుని ఆయన వీపున ఒకటి వేసింది. తర్వాత ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆమె ఏమీ చెప్పలేదు, ఆయనా ఏమీ అడగలేదు. మంచు విడిచిందాకా కూర్చున్నారు. లేచేటప్పుడు ఆయన, గుడికి రమ్మని మాత్రం అడగబాక అన్నాడు. అడగను అంది.

ఆదివారం గుడి నిండింది. మిగతా వాళ్ళు చెప్పారు, సిలువ వేయించుకున్నారు. ఇన్నాసమ్మ లేచింది. ఎప్పట్లాగే నాలిక అతుక్కుంది. ఫాదరు గారు చూస్తున్నాడు, ఊరంతా చూస్తుంది, చాపల మీద ఆడోళ్ళు అప్పుడే గుసగుసలు. చెప్పమ్మా అంటాడు, రాదు. ఇంకోసారి అంటాడు, రాదు. ఇక కూర్చోమందామని ఆయన చెయ్యెత్తేలోపల, ఆమె చూపు గుమ్మం మీదికి పోయింది. గడప బయట, వెలుగులో, గొంగడి కప్పుకుని, కర్ర మీద చేతులు చాపేసుకుని బాలశౌరి నిలబడి ఉన్నాడు, అచ్చం చేలో నిలబడ్డట్టు. కదలట్లేదు. ఆమెకి ఇక గుడి కనపడలేదు, జనం కనపడలేదు. జొన్నచేనూ, మంచూ కనపడినయ్యి. అన్నా, అని మొదలెట్టింది. మొత్తం చెప్పింది. మేకల దొడ్డి, తిట్టిన తిట్లు, పక్కన కూర్చున్నాయన, అన్నీ. తెరేజమ్మ పేరు ఆమె నోటెంట వచ్చేసరికి గుమ్మం కాడ చప్పుడైంది. బాలశౌరి కర్ర గోడకి ఆనించాడు. చెప్పులు విడిచాడు. వచ్చి, ఆఖరి చాప మీద, ఊరికే కూర్చున్నాడు.

ఫాదరు గారు ఆమె మెళ్ళో సిలువేశాడంట, కళ్ళు తుడుచుకుంటా. ఆమె చచ్చిందాకా ఉపదేశి పనే చేసింది. చావింటికి పోతే మాత్రం నోరు తెరిచేది కాదు, పోయి పక్కన కూర్చునేది. ఆ నోరు అట్టా మూసుకోవటమే ఊళ్ళోవాళ్ళకి పెద్ద అద్భుతం. ఇంకొకటేందంటే, ఇప్పటికీ మా చేలల్లో మంచు పూట దిష్టిబొమ్మ కాడికి పొయ్యేటప్పుడు మేము కాస్త దగ్గి పోతాం. లోపల ఎవరన్నా ఉన్నారేమోనని. ఉంటే మాత్రం నేను ఆగను, నేను చెప్పేది చెప్పే పోతాను. ఇదిగో, బొమ్మల్లాగా కూర్చుని వింటున్న మీకు చెప్పట్లా?