‘క్రీస్తు మన’ దగ్గర ఆగిపోయిన గోడ

అధ్యక్ష స్థానంలో ఉన్న బిషప్ గారికి, ఆయనకు రెండు పక్కలా సర్దుకుని కూర్చున్న సంఘ పెద్దలకు, ఇన్నేళ్లూ నా ప్రసంగాలకు హాయిగా నిద్రపోయి ఈ వీడ్కోలు సభలో మాత్రం కళ్లు తెరుచుకుని కూర్చున్న మిత్రులకు (నవ్వులు), ఆ నిద్ర కూడా లేకుండా నన్ను భరించిన మా ఆవిడకు నమస్కారాలు.

నన్ను పొగిడిన వాళ్లందరికీ ఒక దణ్ణం. నేనింత గొప్పవాణ్ణని ముందే చెప్పి ఉంటే, మీరు నాకిచ్చిన ఇంట్లో ఆ కారిపోయే వంటగది కప్పు సంగతి కాస్త గట్టిగా అడిగి ఉండేవాణ్ణి. (నవ్వులు) మోకాళ్లు సహకరించడం లేదు, కుర్చీ పట్టుకుని మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఉన్నమాట చెప్పాలంటే నేను అలిసిపోయాను. పెళ్లిళ్లు చేయడం, సమాధుల దగ్గర నిలబడటం, ఆసుపత్రి మంచాల పక్కన కూర్చోవడం, ఇవన్నీ ఒళ్లు అలిసే పనులే గానీ మనసు విసిగే పనులు కావు. నన్ను విసిగించింది నా వెనకున్న ఈ గోడ.

బిషప్ గారూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ‘క్రీస్తు మన’ అని ఉందా? అంతే ఉంది. పెయింటరు నిచ్చెన మీద ఉండగానే కింద గొడవ మొదలైంది. ‘మన బదులు మరణించెను’ అని రాయాలని మన ప్లీడరు గారు, కాదు, ‘మన కొరకు’ అని రాయాలని ఆసుపత్రి నర్సమ్మ గారు. పాపం పెయింటరు కాసేపు చూశాడు, డబ్బాకు మూత పెట్టాడు, “మీరు తేల్చుకున్నాక కబురు చేయండి” అని దిగి వెళ్లిపోయాడు. ఆ కబురు ఈనాటికీ వెళ్లలేదు. అప్పట్నుంచి ప్రతి పెళ్లి ఫోటోలోనూ కొత్త దంపతుల నెత్తిమీద ‘క్రీస్తు మన’ అని వేలాడుతోంది. ఫోటో చూసిన వాళ్లు “మన ఏంటండీ?” అని అడుగుతారు. ఏం చెప్పను? (నవ్వులు)

ఇప్పుడు కూడా చూడండి, కిటికీల వైపు ప్లీడరు గారి వాళ్లు, గోడ వైపు నర్సమ్మ గారి వాళ్లు. ప్లీడరు గారి వాదన సూటిగా ఉంటుంది. తప్పు చేసింది మనం, శిక్ష పడాల్సింది మనకు, దాన్ని ఆయన తన మీద వేసుకున్నాడు. శిక్ష లేకుండా క్షమిస్తే న్యాయమెక్కడిది అంటారు. నర్సమ్మ గారు ఊరుకుంటారా? రక్తం చూస్తే గానీ చల్లబడని తండ్రి ఏం తండ్రండీ, ప్రేమ ఎంతదాకా వెళ్తుందో మనకు చూపించి మనల్ని మార్చడానికే ఆయన ప్రాణం పెట్టాడు అంటారు. ఇక మా మామగారు, తాళాలు బాగుచేసేవారు, బతికున్నన్నాళ్లూ ఒకటే మాట: “అల్లుడూ, చావు గదికి బయట గడియ లేదయ్యా, అందుకే ఆయన లోపలికెళ్లి తీశాడు.” ముగ్గురికీ వాక్యాధారం ఉంది. ముగ్గురూ మంచివాళ్లే. అదే కదా నా ఖర్మ! ఇవాళ వెళ్లేముందైనా ఏ పక్షమో తేల్చి చెప్పండి అయ్యగారూ అని నిన్నటిదాకా నా ప్రాణం తీశారు.

(ఆగి) ఆ తలుపు దగ్గర కూర్చున్న మన ఫిట్టరు మీ అందరికీ తెలుసు. బిషప్ గారికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. చెప్పమని తనే మొన్న ఇంటికొచ్చి అడిగాడు. ఫ్యాక్టరీలో ట్యాంకు కడగడానికి దిగి, లోపలి గ్యాసుకు స్పృహ తప్పి పడిపోయాడు. తోటి పనివాడు దిగి ఇతన్ని తాడుకు కట్టి పైకి పంపాడు. తను పైకి రాలేదు. ఆ పోయినతని భార్య మన టీచరమ్మ గారు, ఇదిగో ముందు వరుసలో ఉన్నారు.

అప్పట్నుంచి ఈ ఫిట్టరు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు. ఆఖరి పాట ఎత్తుకోగానే వెళ్లిపోతాడు. “అయ్యగారూ, మీరు ‘నీ బదులు ఒకడు చనిపోయాడు’ అంటే నాకు యేసు కనబడడు, మా వాడు కనబడతాడు. పోనీ ‘ఆ ప్రేమకు తగినట్టు బతుకు’ అంటారా, ఎలా బతికితే సరిపోతుంది? ఎంత బతికితే సరిపోతుంది?” అన్నాడు. ప్లీడరు గారూ, నర్సమ్మ గారూ, మీరు గోడ గురించి కొట్టుకుంటుంటే, మీ ఇద్దరి మాటలూ వెళ్లి తగులుతున్నది అక్కడ. నాకు కోపం లేదు, కోపానికి కూడా ఓపిక ఉండాలి.

పోయిన వారం టీచరమ్మ గారు మా ఆవిడకు సామాను సర్దిపెడుతూ ఒక మాట అన్నారు. “మా ఆయన ఎవరి బదులూ పోలేదు. ట్యాంకు పైనున్నవాళ్లు ‘ఎక్కడికిరా’ అని అరిస్తే ‘వాడి కోసం’ అన్నాడంట. అంతే. స్టేషనుకు వాణ్ణి తీసుకురావడానికి వెళ్లినట్టు వెళ్లాడు. వాడు వచ్చాడు కదా, మరి ఎక్కడ దాక్కుంటున్నాడు?” ఆ మాట మీరే అతనితో అనొచ్చు కదమ్మా అని నేనంటే, “నేను అటు నడిస్తే వాడు పారిపోతాడు” అన్నారు.

కోసం! పాల కోసం వెళ్లాడంటాం, తప్పిపోయిన పిల్ల కోసం తిరిగారంటాం. ఇన్నేళ్లు నోరు నొప్పెట్టేలా చెప్పాను, ఆ మాటలో ‘వెతుక్కుంటూ వెళ్లడం’ ఉందని నాకు తట్టలేదు. నర్సమ్మ గారూ, చప్పట్లు కొట్టకండి, మీరు గెలవలేదు. (నవ్వులు) ప్లీడరు గారూ, మీరు ఓడిపోలేదు. ఆయన మరణం లోతు నాకు అందలేదు, ఆ లోతు మీకు అందితే గోడ నింపుకోండి. నాకు మాత్రం ఆ ఫిట్టరు రొట్టె తీసుకుంటే చాలు. అది చూడకుండానే వెళ్లిపోతున్నానని బాధగా ఉంది. ఇంటి తాళాలు ఇచ్చేసినంత తేలిగ్గా దీన్ని ఇచ్చేయలేను.

మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు పెట్టిన అన్నానికీ, పెట్టిన చిక్కులకీ... టీచరమ్మ గారూ, లేచారేమిటి? నేనింకా ముగించలేదు. మంచినీళ్ల కోసమా? కాదా?

తలుపు వైపు వెళ్తున్నారు, దారివ్వండి. కిటికీల వైపు వాళ్లు కాళ్లు ముడుచుకోండి. ఫిట్టరూ, కూర్చో నాయనా, ఇవాళ తలుపుకు అడ్డంగా కుర్చీలు వేశారు, ఎక్కడికీ పోలేవు.

ఏమంటున్నారావిడ? ఇక్కడికి వినబడలేదు... “జరుగు” అంటున్నారా?

కాస్త జరుగు నాయనా. ఆవిడ నీ కోసం వచ్చారు.

ఇక నా మాట అవసరం లేదు. సెలవు.