పేరుకు ముందు మాట

ఇంగ్లీషు పీరియడ్ అయిపోయాక, మెట్‌పల్లి బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, తండ్రి పనిచేసే దుబాయి కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టింది.

“నేనే చదివిన మేడమ్. మీరు చెప్పినట్టే తెలువని మాటకాడ ఆగలే. చుట్టుపక్కల మాటలు చూసి అర్థం చేసుకున్న.”

“ఏమర్థమైంది బిడ్డా?”

“బాపు పేరు ‘లేట్ అంతయ్య’ అని రాసిండ్రు. బాపు ఆలస్యంగ వస్తడట, సామాన్లు ముందుగాల పంపుతున్నరట. అవ్వకు గదే చెప్పిన.”

“మీ అమ్మ ఏమన్నది?”

“మస్తు సంబురపడ్డది. పొద్దటిసంది ఇల్లు అలుకుతున్నది.”

టీచరమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. మనిషి పేరుకు ముందు ‘లేట్’ అన్న మాట వస్తే, ఆ మనిషి ఇక లేడని అర్థం. ఆ సంగతి ఆమె ఏ పాఠంలోనూ చెప్పలేదు.

“తప్పు చదివిన్నా మేడమ్?”

“నేను నేర్పినట్టే చదివినవ్ బిడ్డా. నేనే సగం చెప్పిన. పా, అవ్వకాడికి పోదాం.”