పద్దెనిమిది చెట్ల రుచి

పెంటయ్య ఉన్నడు సూడు, ఎర్రగుంటపల్లిల కల్లు గీసే పెంటయ్య, ఆయనకు పద్దెనిమిది తాటిచెట్లు, ఒక మోపెడు, ఒక పెండ్లాం బాలమణి. ఈ మూడిట్ల ఆయనకు ఏది ముందో ఆ బాలమణికే ఎరుక. తాతల కాడ్నుంచి కల్లుగీసేటోల్లకు ఒక పద్ధతున్నది గదా, గీసినోడు ముందుగాల తను గుక్కెడు తాగాలె. చెట్టుకు కట్టిన కల్లుకుండ, గదే లొట్టి, అండ్ల బల్లి పడ్డదో, పాము మూతి పెట్టిందో ఎవనికి తెలుసు? పోతే తను పోవాలె గానీ ఊరు పోవద్దు. ఏ కంపెనీ ఓనరన్న తన సీసా తను ముందుగాల తాగి మనకిస్తడా, చెప్పున్రి! సరే, పద్దెనిమిది చెట్లకు పద్దెనిమిది గుక్కలు అనుకో. పెంటయ్య గుక్కంటే మనసొంటోల్లకు గిలాసెడు. అట్ల రుచి జూసి, డబ్బాలు మోపెడుకు కట్టుకొని, పాట వాడుకుంట నాలుగూర్లు తిరుగుతడంట. ఎవరన్న, ఏందే పెంటన్నా తాగి నడుపుతున్నవ్ అంటే, "నేను పుట్టి బుద్ధెరిగి తాగలేదురా, రుచి జూస్త గంతే" అంటడంట.

ఒకరోజు ఏమైందంటే, పొద్దెక్కినంక చౌరస్తల కొత్త ఎస్సై మేడం ఆపింది. ఊదు అన్నది. ఊదిండు. మిషిని కుయ్యో అన్నదంట. "ముప్పై దాటొద్దు, నీది నూట నలభై ఉన్నది. ఎంత తాగినవ్?" అంటే, "తాగలేదు మేడం, రుచి జూసిన." "ఎంత రుచి?" "పద్దెనిమిది చెట్ల రుచి." మేడం నవ్వాపుకొని మల్ల ఊదమన్నది. మిషినికి రుచేందో తాగుడేందో తెల్వదు గదా, మల్ల కుయ్యో అన్నది. మోపెడు ఠాణాకు పోయింది, పెంటయ్య నడుసుకుంట ఇంటికి పోయిండు. బాలమణి మొత్తుకున్నదంట. పొద్దుగాల దింపిన కల్లు మాపటికి పులుస్తది, నాలుగూర్లకు నెత్తిన పెట్టుకొని పోతవా, నువ్వు రాకుంటే గిరాకులు సీసాల దుకాణానికి పోతరు, పోయినోల్లు మల్ల రారు అని. నిజమే గదా, మోపెడు పోతే బతుకే పోయినట్టు.

పెంటయ్య కల్లుగీత సంఘం మీటింగులల్ల ముందు వరుసల కూసున్న మనిషి. కోర్టుల జడ్జిసారు, ఏమంటవయ్యా అనంగనే పిడికిలెత్తిండంట. "గీసేటోనికే చెట్టు! నేను తాగుబోతును గాదు సారూ, శ్రామికుణ్ణి!" జడ్జిసారు కండ్లద్దాలు తీసి, "చెట్టు నీదే పెంటయ్యా, ఎవరు గుంజుకుంటలేరు. రోడ్డే అందరిది" అన్నడంట. జైలుకు పంపొచ్చు, మొదటి తప్పని పంపలేదు. ఆరునెల్లు లైసెన్సు బందు, ఒక రోజంత చౌరస్తల అట్ట పట్టుకొని నిలబడమన్నడు.

నిలబడ్డడు. అట్ట మీద 'తాగి బండి నడపకండి' అని ఉన్నది. వచ్చేటోల్లు పోయేటోల్లందరు ఆయన గిరాకులే. "పెంటన్నా, కల్లు తేలేదా? ఉత్త అట్టనేనా?" "అట్టనే నాకు పోరా!" అని ఈన. గట్ల నవ్వులాట నడుస్తుంటే మేకలు కాసే కొంరవ్వ వచ్చింది. చంకల మేకపిల్ల, దాని కాలుకు వెదురుబద్ద కట్టు. "మంచిగైంది బిడ్డా నిన్ను నిలబెట్టిన్రు. పోయిన అమాసకు నీ బండి తాకే దీని కాలిరిగింది. పాట వాడుకుంట పోయినవ్, ఎనక్కి సూడలే" అన్నది. పెంటయ్యకు యాదికే లేదంట. కొట్టినందుకు గాదు, గంత చేసీ యాదికి లేనందుకు గుండెల కలుక్కుమన్నది. ఊరు పోవద్దని ముందుగాల గుక్కెడు తాగేటోణ్ణి, రోడ్డు మీద ఊరినే తొక్కుతున్ననా అనుకున్నడు. అప్పటిదాక మొకానికి అడ్డం పెట్టుకున్న అట్టను నెత్తి మీదికి లేపిండు.

గప్పుడే తెల్లకారు వచ్చింది. రోడ్ల కాంట్రాక్టరు దామోదరసారు, జీతమిచ్చే డ్రైవర్ను పక్కల కూసోబెట్టి తనే నడుపుతున్నడు. కానిస్టేబులు సలాం గొట్టి, పోన్రి సార్ అన్నడు. గానీ అద్దం దించే ఉన్నది, పెంటయ్య ముక్కేమో మూత తియ్యకముందే ఏ చెట్టు కల్లో చెప్పే ముక్కు. అట్ట అడ్డం పెట్టి కారు ముందర నిలబడి, అవుతల బండ్లు ఆపుతున్న ఎస్సై మేడంను పిలిచిండంట. "మేడం, ఈ సారు గూడ రుచి జూసిండు! చెట్టుది గాదు, సీసాది!" "ఏయ్, నేనెవరో తెల్సా?" అని కాంట్రాక్టరు. మనకు తెల్సు గదా, ఇసొంటి పెద్దమనుషులు రాంగనే మిషిని ఖరాబైతది, బ్యాటరీ అయిపోతది. గందుకే పెంటయ్య మల్ల పిడికిలెత్తిండు. "చట్టం ముందర..." అంటే చౌరస్త చౌరస్తంత "అందరు సమానం!" అన్నది. కొంరవ్వ మేకపిల్ల గూడ అరిచిందంట. మేడం కానిస్టేబుల్ని పక్కకు జరిపి మిషిని తనే కాంట్రాక్టరు నోటికి పెట్టింది. గప్పుడు అది కుయ్యో అనలేదనుకో, తోక తొక్కిన కుక్క లెక్క మొత్తుకున్నది!

ఇగ బాలమణి ఊకున్నదా? ఠాణాల మోపెడు ఇడిపించుకొని, లైసెన్సుకు రాయించుకొని, కళ్లంల మోపెడు నేర్చుకున్నది. రెండుసార్లు గడ్డివాములకు దూరింది, ఒకసారి పెంటకుప్పల పడ్డది, నెల దాటినంక లైసెన్సు చేతిల పట్టింది. ఆమె ముందు, డబ్బాలు పట్టుకొని పెంటయ్య ఎనక. చౌరస్తల మేడం ఆపి ఊదు అంటే, అలవాటు గదా, ఈన మూతి ముందటికి పెట్టిండు. "నువ్వు గాదయ్యా, నడిపేటామె!" బాలమణి ఊదింది. మిషిని కిక్కురుమనలేదు. పక్కన సూస్తే కాంట్రాక్టరు, అదే అట్ట పట్టుకొని, ఎవరు సదవకుండ తలకిందులు పట్టుకున్నడు. "సారూ, జర తిప్పి పట్టు. మొదట్ల నాకు గూడ సిగ్గనిపించింది" అన్నడంట పెంటయ్య.

ఆరునెల్లకు ఆయన లైసెన్సు ఆయనకొచ్చింది గానీ బండి తాళం రాలేదు. చెట్టుకాడ గుక్కెడు తాగుడైతే తప్పదు గదా. "ఇంకెన్నాళ్లు నడుపుతవే?" అని అడిగితే బాలమణి, "నేనెక్కడ నడుపుతున్ననయ్యా, రుచి జూస్తున్న గంతే" అన్నదంట. ఇగ లెవ్వున్రి, కతైపోయింది. పొయ్యేముందల, తాళం ఎవరి చేతిల ఉన్నదో ఒక్కపారి సూసుకోన్రి.